పిరమిడ్ రాళ్లను ఎలా లాక్కొచ్చారు?

ప్రశ్న: ఈజిప్టులోని గీజాలో ఖుఫూ రాజు పిరమిడ్‌కి దాదాపు 23 లక్షల రాళ్లు పట్టాయట, క్రేన్లు లేని రోజుల్లో ఇసుకలో వాటిని ఎలా లాగారండీ? ఏదో వీడియో చూసి గ్రహాంతరవాసులే కట్టారంటున్నాడు మా అబ్బాయి, వాడికి సరైన సమాధానం చెప్పాలి.

జవాబు: చెక్క స్లెడ్జి (చక్రాల్లేని జారుడు బండి) మీద పెట్టి తాళ్లతో లాగారు. ఖుఫూ తర్వాతి కాలానిదే అయినా, జెహుతిహోతెప్ అనే ఈజిప్టు అధికారి సమాధిలోని బొమ్మ బాబుకి చూపించండి. వరసలు కట్టి జనం పెద్ద విగ్రహాన్ని లాగుతుంటే, దాని పాదాల దగ్గర నిలబడ్డ మనిషి కుండతో ముందు నేల మీద నీళ్లు పోస్తుంటాడు. పొడి ఇసుక స్లెడ్జి ముందు కుప్పగా పేరుకుపోతుంది, సరిపడా తడిపితే గట్టిపడుతుంది. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ వాళ్లు ప్రయోగం చేస్తే లాగడానికి కావాల్సిన బలం దాదాపు సగానికి తగ్గింది.

జవాబు: రాతపూర్వక సాక్ష్యమే ఉంది కదా! 2013లో ఎర్ర సముద్రం ఒడ్డున వాడీ అల్ జర్ఫ్‌లో పపైరస్‌లు (రెల్లు లాంటి మొక్కతో చేసిన పాతకాలపు కాగితాలు) దొరికాయి. మెరెర్ అనే అధికారి తన మనుషులతో తురా గనుల నుంచి సున్నపురాయిని పడవల్లో గీజాకి చేరవేసిన రోజువారీ లెక్కలు అవి. నాకైతే ఒళ్లు పులకరించింది.

ప్రశ్న అడిగినవారు: చాలా థ్యాంక్స్. మరి వాళ్లంతా బానిసలేనా?

జవాబు: కాదండీ. పిరమిడ్ల పక్కనే పనివాళ్ల సమాధులు, రొట్టెలు కాల్చిన చోట్లు బయటపడ్డాయి. విరిగి మళ్లీ అతుక్కున్న ఎముకలు కూడా దొరికాయి, అంటే దెబ్బ తగిలితే వైద్యం చేశారన్నమాట.