సైడ్‌కార్ బిగించాక హ్యాండిల్ బరువెక్కింది: ముందు ఫోర్కుల జ్యామితిని ఎంతవరకు మార్చవచ్చు?

ప్రశ్న

నమస్కారం. నా బండికి సైడ్‌కార్ బిగించి రెండు నెలలైంది. నేరుగా వెళ్తున్నప్పుడు హ్యాండిల్ కాస్త సైడ్‌కార్ వైపు లాగుతుంది. మలుపుల్లోనైతే రెండు చేతులతో బలంగా తోస్తే తప్ప తిరగదు. వరుస మలుపులున్న దారిలో గంటసేపు నడిపితే భుజాలు పట్టేస్తున్నాయి. టైర్లలో గాలి సరిచూశాను, కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగ్) కొత్తది వేయించాను, అయినా తేడా రాలేదు.

నేను కొలిచినవి ఇవి: ముందు చక్రం వ్యాసార్ధం 320 మి.మీ., స్టీరింగ్ అక్షం వాలు నిలువు నుంచి 27 డిగ్రీలు, ఆ అక్షానికీ ఇరుసుకూ మధ్య ఆఫ్‌సెట్ 50 మి.మీ., వీల్‌బేస్ (ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం) 1400 మి.మీ. ఫోర్కు రాడ్లను టీలలో (రాడ్లను పైనా కిందా పట్టి ఉంచే బిగింపులలో) 25 మి.మీ. పైకి జరిపితే చాలని ఒకరు, లీడింగ్ లింక్ ఫోర్కు (కీలు మీద ఊగే ఆర్మ్‌ల ముందు చివర ఇరుసు ఉండే రకం) వేయకపోతే లాభం లేదని మరొకరు చెప్పారు. ఏది ఎందుకు పనిచేస్తుందో తెలుసుకున్న తరువాతే బండి విప్పాలని అనుకుంటున్నాను. అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1

మీ ఇబ్బందికి ప్రధాన కారణం ట్రెయిల్. స్టీరింగ్ అక్షాన్ని నేల దాకా పొడిగిస్తే అది తాకే చోటుకూ, దాని వెనుక టైరు నేలను తాకే చోటుకూ మధ్య ఉన్న దూరాన్నే అలా అంటారు. తోపుడు బండి కింద ఉండే తిరుగుడు చక్రంలాగా, ఈ దూరం ఎంత ఎక్కువైతే చక్రం అంత బలంగా నేరుగా నిలబడాలని చూస్తుంది. సోలో బండి (సైడ్‌కార్ లేనిది) వంగి తిరుగుతుంది కాబట్టి ఆ గుణం దానికి మేలే చేస్తుంది. సైడ్‌కార్ ఉన్న బండి వంగదు. మలుపులో టైరు మీద పడే పక్కబలం మొత్తం ట్రెయిల్ అనే మీటతో హ్యాండిల్‌ను వెనక్కి తిప్పుతూ ఉంటుంది, మీ భుజాలు మోస్తున్న బరువు అదే.

లెక్క ఇలా చేయాలి: చక్రం వ్యాసార్ధాన్ని వాలు కోణపు సైన్‌తో గుణించి, అందులోంచి ఆఫ్‌సెట్ తీసేసి, వచ్చినదాన్ని అదే కోణపు కొసైన్‌తో భాగించాలి. మీ కొలతలకు దాదాపు 107 మి.మీ. వస్తుంది. సోలో బండికి అది చక్కని అంకె, సైడ్‌కార్‌కు మాత్రం చాలా ఎక్కువ. రాడ్లను 25 మి.మీ. పైకి జరిపితే వాలు ఒక డిగ్రీ తగ్గి ట్రెయిల్ 100 దగ్గరికి వస్తుంది. చేతికి ఆ తేడా తెలియదు సరికదా, బండి ముందు భాగం అంత మేర నేలకు దగ్గరవుతుంది.

ట్రెయిల్‌ను 60కి తేవాలంటే ఆఫ్‌సెట్‌ను 50 నుంచి 92 మి.మీ.కు పెంచాలి. అందుకు ఇరుసును ముందుకు జరిపే కొత్త టీలు చేయించుకోవచ్చు, లేదా రాడ్లు స్టీరింగ్ అక్షానికి సమాంతరంగా కాక కాస్త ముందుకు వాలి ఉండేలా టీల రంధ్రాలను కోణంలో తొలిపించవచ్చు. కింది టీ, పై టీల మధ్య నుంచి ఇరుసు దాకా సుమారు 700 మి.మీ. ఉంటే, మూడున్నర డిగ్రీల కోణంతో అదే ఫలితం వస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడతారు: కోణం టీలలో పెరిగితే ట్రెయిల్ తగ్గుతుంది, అదే కోణాన్ని ఫ్రేము మెడ కోసి పెంచితే ట్రెయిల్ ఇంకా పెరుగుతుంది. ఫ్రేము జోలికి వెళ్లకండి.

జవాబు 2

పై వివరణ సరైనదే, కానీ ఒక చిన్న సవరణ అవసరం. అక్షం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి దానికి లంబంగా ఇరుసును 42 మి.మీ. ముందుకు జరిపినప్పుడు అది 19 మి.మీ. పైకి కూడా వెళ్తుంది, అంటే బండి ముందు భాగం అంత మేర దిగుతుంది. దాంతో వాలు మరో ముప్పావు డిగ్రీ తగ్గి, చివరికి ట్రెయిల్ 60 కాదు, 55 దగ్గర తేలుతుంది. వీల్‌బేస్ కూడా 37 మి.మీ. పెరుగుతుంది. 55 సైడ్‌కార్‌కు మంచి అంకే అయినా, టీలు తయారయ్యాక ఈ సంగతి తెలియడం కంటే ముందే తెలియడం మేలు.

లీడింగ్ లింక్ విషయానికి వస్తే, ఖర్చూ పనీ ఎక్కువైనా నా ఓటు దానికే. టెలిస్కోపిక్ రాడ్లు (ఒకదానిలో ఒకటి జారే గొట్టాలు) సోలో బండి కోసం పుట్టినవి; వంగని బండి మలుపులో పెట్టే పక్కబలానికి అవి మెలితిరుగుతాయి, గొట్టాలు బిగుసుకుని గుంతల్లో సాఫీగా కదలవు. లీడింగ్ లింక్‌లో పక్కబలాన్ని స్వింగ్ ఆర్మ్ మోస్తుంది, పైగా ఆర్మ్ కీలును జరిపి ట్రెయిల్‌ను మార్చుకోవచ్చు. 1955 నుంచి 1969 దాకా బీఎండబ్ల్యూ తన ఎర్ల్స్ ఫోర్కు (ఇదీ ఒక రకం లీడింగ్ లింకే) బండ్లకు కీలు కోసం రెండు స్థానాలు ఇచ్చింది, ఒకటి సోలోకు, మరొకటి సైడ్‌కార్‌కు. ఆ ఒక్క బోల్టు స్థానం మారితే అదే బండి హ్యాండిల్ తేలికైపోవడం నేను స్వయంగా చూశాను. ఈ ఫోర్కుతో బ్రేకు నొక్కినప్పుడు ముందు భాగం కుంగకుండా కాస్త పైకి లేస్తుంది. మొదటి రోజు అది వింతగా అనిపిస్తుంది.

జవాబు 3

టీలు గానీ ఫోర్కు గానీ చేయించే ముందు సైడ్‌కార్ అమరికను కొలవమని నా మనవి. మలుపుల్లో బరువు వేరు, నేరు దారిలో లాగడం వేరు. రెండో దానికి ట్రెయిల్ మందు కాదు. బండి చక్రాలకు ఒక తిన్నని పట్టీ, సైడ్‌కార్ చక్రానికి మరొకటి ఆనించి, ముందూ వెనుకా వాటి మధ్య దూరం కొలవండి. ముందు వైపు దూరం 10 నుంచి 25 మి.మీ. తక్కువగా ఉండాలి. మీరు కూర్చున్నప్పుడు బండి సైడ్‌కార్‌కు ఎదుటి వైపు ఒకటి రెండు డిగ్రీలు వాలి ఉండాలి.

ఇక, ట్రెయిల్ మార్చాక స్టీరింగ్ డ్యాంపర్ (హ్యాండిల్ ఊగిసలాటను అణిచే పరికరం) లేకుండా రోడ్డెక్కకండి. నేను ఆ తప్పు చేశాను. 30 కి.మీ. వేగం దగ్గర యాక్సిలరేటర్ వదిలి, అద్దం సరిచేద్దామని ఒక చేయి తీశాను. హ్యాండిల్ చివర జానెడు మేర అటూ ఇటూ కొట్టుకోవడం మొదలై, బండి దాదాపు ఆగేదాకా తగ్గలేదు. డ్యాంపర్ బిగించాక మళ్లీ అలా జరగలేదు. కొత్త టీలతో హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, రాడ్లు ట్యాంకుకు తగలడం లేదని, బ్రేకు గొట్టం బిగుసుకోవడం లేదని కూడా చూసుకోండి. అన్నిటికీ మించి, ఈ మార్పు తరువాత సైడ్‌కార్ విప్పేసి అదే బండిని సోలోగా నడపకూడదు, 55 మి.మీ. ట్రెయిల్ రెండు చక్రాల మీద నమ్మదగినది కాదు.

ప్రశ్న అడిగిన సభ్యుని జవాబు

ముగ్గురికీ ధన్యవాదాలు. నిన్న పట్టీలు పెట్టి కొలిచాను. సైడ్‌కార్ చక్రం లోపలికి కాదు, 8 మి.మీ. బయటికి చూస్తోంది. దాన్ని 15 మి.మీ. లోపలికి సవరించి నడిపితే నేరు దారిలో లాగడం దాదాపు పోయింది. మలుపుల్లో బరువు మాత్రం, మీరు చెప్పినట్టే, అలాగే ఉంది.

సైడ్‌కార్‌ను ఇక విప్పే ఉద్దేశం లేదు కాబట్టి లీడింగ్ లింక్ వైపే మొగ్గుతున్నాను. కీలుకు ఒకే రంధ్రం కాకుండా 70, 55, 40 మి.మీ. ట్రెయిల్‌లకు సరిపడే మూడు రంధ్రాలు పెట్టించి, డ్యాంపర్‌తో సహా 70 దగ్గర మొదలుపెట్టి, ఖాళీ మైదానంలో తిప్పి చూశాకే తరువాతి రంధ్రానికి వెళ్తాను.