సాయం చేయాలని ఉంది, తీసుకునేవాళ్లు చిన్నబోకుండా ఎలా ఇవ్వాలి?

చీరాల ఆడపడుచు:
పోయిన నెలతో మా హౌసింగ్ లోన్ తీరిపోయింది. ఈసారి జీతాలు పడ్డాక పాలకీ, కిరాణాకీ, పిల్లాడి ఫీజుకీ పోగా ఖాతాలో డబ్బు మిగిలింది. మేం డబ్బున్నవాళ్లం కాదు, మాకు సరిపోతోంది. దేవుడికి దణ్ణం పెట్టుకున్నా మనసు ఊరుకోవట్లేదు.

మా నాన్న చీరాలలో మగ్గం నేసేవారు. జూన్ వచ్చిందంటే మా పుస్తకాల కోసం అమ్మ కమ్మలు తాకట్టుకి వెళ్లేవి. మళ్లీ విడిపించేదాకా, చెవి కుట్లు పూడిపోకుండా అమ్మ వేపపుల్లలు పెట్టుకునేది. జూన్ వస్తే నాకు ఇప్పటికీ ఆ వేపపుల్లలే కళ్ల ముందుంటాయి.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురికి పాలిటెక్నిక్‌లో సివిల్ సీటొచ్చింది. ఆ ఖర్చు మేం పెట్టుకుందామనుకుంటున్నాం. ఆవిడ అభిమానం గల మనిషి. దసరాకి చీర పెడితే, మర్నాడు ఎవరూ అడక్కుండానే డాబా అంతా కడిగి వెళ్లింది. ఇప్పుడు ఫీజు కడితే ఆ రుణం తీర్చుకోవాలని ఇంకెంత చాకిరీ నెత్తినేసుకుంటుందోనని నా టెన్షన్. ఇలాంటి సాయం చేసినవాళ్లుగానీ, తీసుకున్నవాళ్లుగానీ ఉంటే చెప్పండి.

లెక్కల మాస్టారు:
అమ్మా, ముందు అసలు ఖర్చు ఎక్కడుందో కనుక్కోండి. అర్హత ఉన్న పిల్లలకి ట్యూషన్ ఫీజు ప్రభుత్వం రీయింబర్స్ చేస్తుంది. ఇంట్లోవాళ్లని ఇబ్బంది పెట్టేవి మిగతావి. మినీ డ్రాఫ్టర్ (ఇంజనీరింగ్ బొమ్మలు గీసే పరికరం), డ్రాయింగ్ షీట్లు, యాప్రాన్, బస్‌పాస్, హాస్టల్లో ఉంటే మెస్ బిల్లు. మెస్ బిల్లు ఆలస్యమైతే పిల్లే ఆఫీసు గది ముందు నిలబడాలి. అలా నిలబడ్డ పిల్లల్ని నేను చూశాను. మీరు కట్టేదేదో కాలేజీకే కట్టి, రసీదు అమ్మాయి పేరు మీద తీసుకోండి.

ఇంకో మాట. డిప్లొమా మూడేళ్లు. ఒక ఏడాది కట్టి ఆపేస్తే ఆ పిల్ల నడి ఏట్లో పడుతుంది. మూడేళ్లూ కట్టగలమని లెక్క చూసుకున్నాకే మాటివ్వండి.

కర్నూలు తమ్ముడు:
అక్కా, పొదుపు నిసాబ్‌కి, అంటే జకాత్ వర్తించే కనీస మొత్తానికి, చేరి ఏడాది నిలిస్తే, దాని మీద 2.5 శాతం మేం జకాత్ (మా మతంలో తప్పనిసరి దానం) తీస్తాం. అది ముందు నుంచీ పేదల వాటా అని మా పెద్దల మాట. తీసుకునేవాళ్లకి ఇది జకాత్ అని చెప్పాల్సిన పని లేదు, ఇచ్చేవాళ్ల మనసులో నియ్యత్ (సంకల్పం) ఉంటే చాలు. మా అమ్మయితే పిల్లలకి ఈదీ (పండగ కానుక) అని కవర్లో పెట్టి ఇచ్చేస్తుంది. ఏ ఇంటికి ఎంత వెళ్లిందో మాకు కూడా చెప్పదు.

గోదావరి గట్టు:
మా కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి (1841–1909) గురించి వినే ఉంటారు. వేళ కాని వేళ వచ్చినా, ఏ కులమని అడక్కుండా వండి పెట్టిన తల్లి. మా వైపు వైనతేయ పాయ మీద ఆక్విడక్టుకి (నది మీదుగా కాలువ నీళ్లు తీసుకెళ్లే వంతెనకి) ఆవిడ పేరే పెట్టారు. తిన్నవాళ్లని ఆవిడ తిరిగి ఏమీ అడగలేదు. ఎవరికైనా ఏదైనా ఇచ్చేటప్పుడు నాకు ఆవిడే గుర్తొస్తుంది.

పన్నుల లెక్కలు:
నేరుగా పిల్ల ఫీజు కడితే విరాళాలకిచ్చే పన్ను మినహాయింపు రాదండి. అది గుర్తింపు ఉన్న సంస్థలకిచ్చే విరాళాలకే, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. నగదు 2,000 దాటితే అక్కడా రాదు. అలాగని మినహాయింపు కోసం ఈ పిల్లని వదిలెయ్యకండి.

పనమ్మ కూతురు:
అక్కా, నేను తీసుకున్న వైపు నుంచి చెప్తాను. నా ఇంటర్ ఫీజు అమ్మ పనిచేసే ఇంటివాళ్లే కట్టారు. ఇవాళ నేను నర్సుగా నిలబడ్డానంటే ఆ చలవే. కానీ వాళ్లింట్లో ఏ ఫంక్షనైనా నన్ను పిలిచి, "ఈ పిల్లని మేమే చదివిస్తున్నాం" అని చుట్టాలకి చూపించేవారు. మార్కులెన్నని అందరి ముందూ అడిగేవారు. చేతిలో ఎంగిలి ప్లేట్లు పట్టుకునే జవాబు చెప్పేదాన్ని.

మీరు చుట్టాల్లో ఈ మాట ఎత్తకండి. మార్కులు అమ్మాయి తనంతట తాను చెబితే వినండి. జీతం చేతికిచ్చే రోజు ఫీజు సంగతి తేవద్దు. అన్నిటికంటే ముఖ్యం, పని మానేసినా, వేరే ఇంటికి వెళ్లినా ఫీజు ఆగదని వాళ్లమ్మకి ముందే చెప్పండి. నా ఫీజు ఆగిపోతుందన్న భయంతోనే మా అమ్మ నడుం నొప్పితో ఆ ఇంట్లోనే రెండు పూటలా చేసింది.

చీరాల ఆడపడుచు:
మా ఆయనకి ఇవన్నీ చదివి వినిపించాను. చెల్లీ, నీ మాట దగ్గర ఇద్దరం చాలాసేపు ఆగిపోయాం. ఆదివారం వాళ్లింటికి మేమే వెళ్తున్నాం, మా ఇంట్లో పని మధ్యలో చెప్పే సంగతి కాదిది. పని మానేసినా ఫీజు ఆగదన్న మాటే ముందు చెప్తాం. మూడేళ్లకీ లెక్క చూసుకున్నాం, కుదురుతుంది. ఫీజూ మెస్సూ కాలేజీ ఖాతాకే కడతాం.

మాస్టారూ, మినీ డ్రాఫ్టర్ ఇప్పుడే కొనేయమంటారా, క్లాసులు మొదలై వాళ్లు ఫలానాది అని చెప్పేదాకా ఆగమంటారా?