ముందు పంటి క్యాప్: అంచు చిగురు లోపలికి పోవాలా, పైనే ఉండాలా?

మారతహళ్ళి_మురళి: బండి మీంచి పడి పై ముందు పన్ను చిగురు దాకా విరిగింది. రూట్ కెనాల్ అయింది. ఇందిరానగర్‌లో ఒక డాక్టర్ చిగురు, కాస్త ఎముక తీసి, కొన్ని నెలలు ఆగి క్యాప్ వేస్తానంటున్నారు. మా వీధిలో ఆయనేమో అంచు చిగురు లోపలికి తోసేస్తే వారంలో పనైపోతుందంటున్నారు. ఎవరి మాట వినాలి?

కడప_సుబ్బు: వారం ఆయన కాడికే పో. కోతంతా బిల్లు కోసమే.

లలిత_బీటీఎం: నేను పళ్ళ డాక్టర్నే. ఎముక పైన చిగురు పంటిని పట్టుకునే భాగం సుమారు 2 మి.మీ. 1961లో గార్గియులో అనే పరిశోధకుడి బృందం కొలిచిన సగటు 2.04. అందులోకి క్యాప్ అంచు చొరబడితే చిగురు ఎర్రబడి వాస్తుంది, బ్రష్ తగిలితే రక్తం, కొందరికి ఎముక కరిగి చిగురే వెనక్కి పోతుంది. అందుకే ఎముకకీ అంచుకీ మధ్య 3 మి.మీ. ఉంచుతాం. ఎక్స్‌రే చూడకుండా "తోసేద్దాం" అనడమేంటి?

కడప_సుబ్బు: నా దవడ పంటికి ఇట్లే చిగురు కోసి వేలకు వేలు గుంజినారు. ఏడాదికే క్యాప్ ఊడిపాయ.

లలిత_బీటీఎం: క్యాప్ లోపల చుట్టూతా 1.5 నుంచి 2 మి.మీ. ఎత్తున గట్టి పన్ను లేకపోతే పట్టు దొరకదు. ఊడటానికి అదీ కారణం కావచ్చు.

పావని_వైట్‌ఫీల్డ్: నాకు లోపలికే తోశారు. ఇప్పుడు నవ్వితే నల్ల గీత. లోహం లేని తెల్ల క్యాప్, అదే జిర్కోనియా, వేయించుకో మురళీ.

లలిత_బీటీఎం: మీది మెటల్ సెరామిక్, అంటే లోపల లోహం, పైన పింగాణీ, అయ్యుంటుంది. ఆ గీత దాచడానికే అంచును లోపల పెట్టేవాళ్ళు. జిర్కోనియాకి, క్యాప్ లోపలి పన్ను మరీ నల్లబడకపోతే, చిగురు అంచుకి సమంగా ఉన్నా చాలు. తప్పదంటే అర మి.మీ. లోపలికి.

కడప_సుబ్బు: లోపలికి పోగూడదంటివి, ఇప్పుడు అర అంటాండావు. ఏదో ఒకటి చెప్పమ్మా.

లలిత_బీటీఎం: చిగురుకీ పంటికీ మధ్య సందులోకి వెళ్ళడం వేరు, ఎముక దాకా వెళ్ళడం వేరు. చదివి మాట్లాడండి.

కడప_సుబ్బు: చదివినోళ్ళే గదా మమ్మల్ని ఏటీఎం చేసింది!

మారతహళ్ళి_మురళి: కొట్టుకోకండి. నవంబర్లో నా పెళ్ళి. అందుకే వారం అనగానే ఆశపడ్డా.

లలిత_బీటీఎం: అసలు సంగతి ఇప్పుడా చెప్పేది? పెళ్ళికి తాత్కాలిక క్యాప్ చాలు. ఇంకోటి, ముందు పళ్ళలో ఒక్కదానికే చిగురు కోస్తే అది పక్కదానికంటే పొడుగ్గా కనపడుతుంది. వేరు పొడవు సరిపోతే క్లిప్పులు పెట్టి పన్నునే మెల్లగా కిందికి దించొచ్చు. ఆ దారి ఉందేమో అడగండి.

కడప_సుబ్బు: మరి ఆ ఇందిరానగర్ ఆయన ఈ మాట చెప్పినాడా? నాకూ ఎవరూ చెప్పల్యా. నా మంట దుడ్లు పోయినందుక్కాదు డాక్టరమ్మా. కత్తి పట్టకముందే ఇంకో దారి చెప్పరే, దానికి.

లలిత_బీటీఎం: రోజుకి ఇరవై మంది పేషెంట్లు, ఒక్కొక్కరికీ అన్నీ విప్పి చెప్పే తీరిక ఎక్కడిది?

కడప_సుబ్బు: బిల్లు రాసేదానికి ఉంటాది గదా తీరిక.

మారతహళ్ళి_మురళి: దించడానికి ఎన్నాళ్ళు?

లలిత_బీటీఎం: దిగడానికి కొన్ని వారాలు, అక్కడ కుదురుకోవడానికి ఇంకొన్ని. పెళ్ళిలోపు అసలు క్యాప్ పడుతుందని అనుకోవద్దు. తాత్కాలిక దాని అంచు మాత్రం నున్నగా ఉండాలి, లేకపోతే పాచి పట్టి చిగురు పెళ్ళికే వాస్తుంది.

పావని_వైట్‌ఫీల్డ్: దాంతో చెరుకు ముక్క కొరక్కు మురళీ.