ఈస్ట్‌బోర్న్ సుద్దకొండల అంచున కంచె వేయాలా, వద్దా?

లండన్_విద్యార్థి:
మొన్న శనివారం ఆరుగురం లండన్ విక్టోరియా స్టేషన్‌లో రైలెక్కి ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని ఈస్ట్‌బోర్న్ వెళ్లాం. బస్సులో బర్లింగ్ గ్యాప్ అనే తీరప్రాంతం దాకా పోయి, సెవెన్ సిస్టర్స్ అనే ఏడు తెల్లటి సుద్దకొండల మీద నడిచాం. అంత ఎత్తున చాలాచోట్ల కంచే లేదు. మాలో ఒకడు ఫొటో కోసం అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్నాడు. వాణ్ని వెనక్కి లాగేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. 2017లో ఇక్కడే ఫొటో కోసం ఎగిరిన ఒక విద్యార్థిని పడి చనిపోయింది. అయినా కంచె వేయకపోవడం తప్పని నా వాదన. మీరేమంటారు?

ఈస్ట్‌బోర్న్_నివాసి:
తమ్ముడూ, నీ భయం న్యాయమైందే. కానీ కంచె ఎక్కడ పాతమంటావు? ఆ అంచు ఒకచోట ఉండదు. కింద అలలు కొండ పాదాన్ని తొలుస్తాయి. పైన వాన నీళ్లు పగుళ్లలో దిగి, చలికి గడ్డకట్టి రాయిని చీలుస్తాయి. 2013-14 చలికాలపు తుఫాన్లకి బర్లింగ్ గ్యాప్‌లో ఏడేళ్లలో పోవాల్సిన నేల రెండు నెలల్లో పోయింది. బెల్ టూట్ అనే పాత లైట్‌హౌస్‌నైతే 1999లో జాకీలతో ఎత్తి 17 మీటర్లు లోపలికి జరిపారు. మీరు చూడ్డానికొచ్చిన ఆ తెలుపు కూడా పాత ముఖం రాలిపోబట్టే. కోత ఆగినచోట గడ్డి మొలిచి పచ్చబడిపోతుంది.

ఉప్పాడ_అబ్బాయి:
మాది కాకినాడ పక్కన ఉప్పాడ. రాళ్లు పోశారు, ఇసుక నింపిన పెద్ద సంచులతో జియోట్యూబు గోడ వేశారు. సముద్రం రెంటినీ లెక్కచేయలేదు. అందుకే కోతని ఆపగలమంటే నేను నమ్మను. కానీ అన్నా, ఒక తేడా ఉంది. మా ఊళ్లో కోత కళ్ల ముందే కనిపిస్తుంది. అక్కడ పైనంతా చదునైన పచ్చగడ్డి. దాని అడుగున రాయి ఎప్పుడో రాలిపోయిందని పైన నిలబడ్డవాడికి ఎలా తెలుస్తుంది?

లండన్_విద్యార్థి:
నేననేదీ అదే. అంచుకి పది మీటర్ల ఇవతల గుంజలు పాతి తాడు కట్టండి. నేల పోయినప్పుడల్లా వెనక్కి జరుపుకోవచ్చు. లైట్‌హౌస్‌నే జరిపినవాళ్లకి తాడు ఎంత పని?

బ్రైటన్_అమ్మాయి:
మా అమ్మానాన్నలొచ్చినప్పుడు నేను పైకి ఎక్కించనేలేదు. పక్కనున్న సీఫర్డ్ ఊరి వైపు నుంచి కక్‌మియర్ నది సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్లాను. ఏడు కొండలూ వరసగా కనిపించేది అక్కడినుంచే. పైనెక్కితే కాళ్లకింద గడ్డే. నాన్న రిటైర్డ్ టీచరు. రాలిన సుద్దముక్కతో ఒక గులకరాయి మీద 'అ' రాసి, అలాగే పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. ఒడ్డు వెంట నడిచేవాళ్లు మాత్రం ఆటుపోట్ల వేళలు చూసుకునే దిగండి. పోటొస్తే కొండకీ నీళ్లకీ మధ్య చిక్కుకుపోతారు.

ఈస్ట్‌బోర్న్_నివాసి:
జనం గుమిగూడే కారు పార్కుల దగ్గర తాడుకి ఒప్పుకుంటాను. కొండల పొడవునా మాత్రం వద్దు. మైళ్ల కొద్దీ గుంజలు పాతితే ఆ కొండ ఆ కొండలా ఉండదు. తమ్ముడూ, ఈసారి వచ్చినప్పుడు ఆటు వేళ చూసి, మెట్లు తెరిచి ఉంటే మీవాణ్ని బర్లింగ్ గ్యాప్ దగ్గర కిందికి దించు. కొండకి దూరంగా నిలబెట్టి, వాడు కూర్చున్న చోటు కిందినుంచి చూపించు.