ఎలిమెంటరీ స్కూల్ రేటింగ్ 10కి 4 అని ఉంది, ఇల్లు మారాల్సిందేనా?

పాపాయి_నాన్న:
అందరికీ నమస్కారం. మేం అమెరికాలో ఉంటాం, మా పాప వచ్చే ఆగస్టులో కిండర్‌గార్టెన్‌కి వెళ్లాలి. మా అడ్రస్‌కి వచ్చే పబ్లిక్ ఎలిమెంటరీ స్కూల్‌కి రేటింగ్ సైట్లో 10కి 4 ఉంది. కింద వివరాలు చూస్తే తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలు సగానికి పైనే, ఇంగ్లీష్ లెర్నర్స్, అంటే ఇంట్లో వేరే భాష మాట్లాడుతూ ఇంగ్లీష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లలు కూడా చాలామంది. 9 ఉన్న స్కూల్ జోన్‌కి మారిపోండి, పిల్ల భవిష్యత్తు కదా అని ఫ్రెండ్స్ అంతా ఒకటే మాట. అక్కడ రెంట్ మాకు భారం, పైగా మా ఆవిడకి ఆఫీసు దూరమైపోతుంది. రెండు వారాలుగా ఇదే టెన్షన్. అసలు ఆ 4 ఏం చెబుతోంది? టీచర్లు సరిగ్గా చెప్పడం లేదనా, లేక అక్కడికి వచ్చే పిల్లల పరిస్థితి గురించా?

ఈఎస్ఎల్_టీచర్:
నేను ఎనిమిదేళ్లుగా ఎలిమెంటరీలో ఇంగ్లీష్ లెర్నర్స్‌కి చెబుతున్నానండీ. ఇలాంటి రేటింగులు ఎక్కువగా రాష్ట్ర పరీక్షల మార్కుల మీదే నడుస్తాయి. ఫెడరల్ చట్టం ప్రకారం ఏటా రీడింగ్, మ్యాథ్ పరీక్షలు పెట్టాల్సింది 3 నుంచి 8 తరగతులకి. అంటే ఐదో తరగతి దాకా ఉన్న స్కూల్లో లెక్కలోకి వచ్చేది మూడు తరగతులే. మీ పాప మొదట కూర్చునే కిండర్‌గార్టెన్‌లో చదవడం ఎలా నేర్పుతున్నారో ఆ 4లో నేరుగా కనబడదు.

మా దగ్గరికి ఒక బాబు రెండో తరగతి మధ్యలో వచ్చాడు, ఇంట్లో స్పానిష్ మాత్రమే. 'బి' ఎటు తిరుగుతుందో 'డి' ఎటు తిరుగుతుందో గుర్తుండక, రాసే ముందు వేలితో గాలిలో గీసి చూసుకునేవాడు. మూడో తరగతి చివర్లో ఒకరోజు చాప్టర్ బుక్ తెచ్చుకుని నా పక్కన కూర్చుని, ప్రతి లైను కిందా వేలు పెట్టుకుంటూ రెండు పేజీలు ఆగకుండా చదివాడు. నాకు కళ్లు చెమర్చాయి. ఆ ఏడాది రాష్ట్ర పరీక్షలో మాత్రం ప్రొఫిషియెంట్ (ఆ తరగతికి కావాల్సిన స్థాయి) రాలేదు, కాబట్టి స్కూల్ శాతంలో వాడు ఏమీ నేర్చుకోని పిల్లాడితో సమానమే. పైగా ఇంగ్లీష్ బాగా వచ్చేసిన పిల్లలు కొన్నాళ్లకి ఆ గ్రూపులోంచి బయటికి వెళ్లిపోతారు, అప్పుడే దిగినవాళ్లు వచ్చి చేరతారు. ఇక ఆ గ్రూపు స్కోరు ఎప్పటికి పెరుగుతుంది చెప్పండి?

లెక్కల_మనిషి:
పైన టీచర్ గారు చెప్పింది నిజం. ఇంటి పరిస్థితికీ మార్కులకీ ఉన్న ముడి గురించి 1966లో వచ్చిన కోల్‌మన్ రిపోర్ట్ (అమెరికా ప్రభుత్వం చేయించిన పెద్ద స్కూళ్ల సర్వే) నుంచీ చెబుతూనే ఉన్నారు. స్టాన్‌ఫర్డ్‌లో షాన్ రియర్డన్ బృందం దేశమంతా ఉన్న స్కూళ్ల మార్కులు తీసి చూసింది. సగటు స్కోరు ఆదాయంతో పాటే నడుస్తుంది, ఏటికేడు పిల్లలు ఎంత ఎదుగుతున్నారన్నది మాత్రం ఆదాయంతో అంతగా ముడిపడి లేదు. కాబట్టి మీరు చూడాల్సింది ఆ ఎదుగుదలని చూపే గ్రోత్ స్కోరు. రాష్ట్రం ఇచ్చే రిపోర్ట్ కార్డులో చాలా చోట్ల విడిగా ఉంటుంది.

ఆ తక్కువ ఆదాయం శాతాన్ని కూడా జాగ్రత్తగా చదవండి, దాన్ని చాలాసార్లు స్కూల్లో ఉచిత లేదా తగ్గింపు లంచ్ పొందే పిల్లల్ని బట్టే లెక్కేస్తారు. సాధారణంగా ఉచిత లంచ్ పేదరిక రేఖకి 130 శాతం లోపు ఆదాయం ఉన్నవాళ్లకి, తగ్గింపు ధర 185 శాతం దాకా. కానీ కమ్యూనిటీ ఎలిజిబిలిటీ పథకంలో ఉన్న స్కూల్లో పిల్లలందరికీ లంచ్ ఉచితమే, దాంతో కొన్ని లెక్కల్లో స్కూల్ మొత్తం పేదపిల్లలే అన్నట్టు కనిపిస్తుంది. ఆ పథకంలో చేరాలంటే ప్రభుత్వ సాయం అందే ఇళ్ల పిల్లలు స్కూల్లో కనీసం ఇంత శాతం ఉండాలి, 2023లో ఆ శాతాన్ని 40 నుంచి 25కి తగ్గించారు కూడా.

ఇద్దరబ్బాయిల_అమ్మ:
నేను కొంచెం వేరేగా చెబుతాను, ఏమనుకోకండి. మా పెద్దవాడు అలాంటి స్కూల్లోనే రెండేళ్లు చదివాడు. టీచర్ చాలా మంచావిడ, కానీ వెనకబడినవాళ్లతోనే ఆవిడకి రోజంతా సరిపోయేది. మావాడు వర్క్‌షీట్ పది నిమిషాల్లో ముగించేసి, దాని వెనక బొమ్మలు వేసుకుంటూ కూర్చునేవాడు. వారానికి ఐదారు షీట్లు అలా బ్యాగులో వచ్చేవి, చూసి బాధేసేది. చివరికి మారాం. 9 ఉన్న స్కూల్లో తెలిసిందేంటంటే క్లాసులో చాలామంది సాయంత్రాలు బయట ట్యూషన్‌కి వెళ్తున్నారు, ఆ మార్కులూ స్కూల్ ఖాతాలోకే. మారినందుకు నాకు విచారం లేదు, అయితే రేటింగ్ చూసి మాత్రం మారొద్దు. వెళ్లి అడగండి. ముందున్న పిల్లలకి ఏం చేస్తున్నారు? టీచర్లు ఎన్నేళ్లుగా ఉంటున్నారు? పది శాతం రోజులు, అంటే 180లో 18 రోజులు మానేసే పిల్లలు ఎంతమంది? చదువు ఎక్కడ జారిపోతోందో ఆ మూడో ప్రశ్నకి జవాబు బాగా చెబుతుంది.

పాపాయి_నాన్న:
అందరికీ చాలా థాంక్స్. నిన్న స్కూల్‌కి వెళ్లొచ్చాం. గ్రోత్ స్కోరు రాష్ట్ర సగటు కంటే పైనే ఉంది, ఇన్నాళ్లూ నేను ఆ పేజీ దాకా వెళ్లనేలేదు. కిండర్‌గార్టెన్ టీచర్లు నలుగురిలో ముగ్గురు ఐదేళ్లకి పైగా అక్కడే ఉన్నారట. హాజరు సంగతి అడిగితే ప్రిన్సిపాల్ దాచలేదు, అదే మా పెద్ద సమస్య, ఉదయాన్నే ఇళ్లకి ఫోన్లు చేస్తున్నాం అన్నారు. ముందున్న పిల్లల సంగతి మాత్రం సరిగ్గా తేలలేదు, ఈమెయిల్ చేస్తామన్నారు. అది వచ్చాక ఇక్కడే రాస్తాను. రిజిస్ట్రేషన్ ఫారం అయితే తెచ్చుకున్నాం.