రాక్ బ్యాండ్‌లో బేస్ వాయిస్తూ బతకడం కుదురుతుందా?

నాలుగు_తీగలు
నాకు ఇరవై రెండేళ్ళు. కాలేజీలో మొదలైన రాక్ బ్యాండ్‌లో బేస్ (అడుగు స్వరాలు పలికే నాలుగు తీగల గిటార్) వాయిస్తున్నాను. మొదట నేర్చుకున్నది గిటారే. బ్యాండ్‌లో అప్పటికే ఇద్దరు గిటారిస్టులు ఉండటంతో బేస్ నా నెత్తిన పడింది. ఇప్పుడు ఎవరైనా గిటార్ ఇచ్చినా తీసుకోబుద్ధి కావట్లేదు. చదువు చివరికొచ్చింది. ఆల్బమ్ రికార్డ్ చేద్దాం, ఆ తర్వాత ఊళ్ళు తిరుగుతూ షోలు చేద్దాం అని మావాళ్ళు అంటున్నారు. ఇంట్లో మాత్రం ఒకటే ప్రశ్న: "నువ్వు వాయించేది అసలు ఎవరికైనా వినపడుతుందా?" బేస్‌ని నమ్ముకున్నవాళ్ళు, కుదరక మానేసినవాళ్ళు, ఇద్దరూ చెప్పండి.

డ్రమ్స్_వెనకాల
నెత్తిన పడిందని బాధపడకండి, పాల్ మెకార్ట్నీకీ అలాగే పడింది. 1961లో బీటిల్స్ బేసిస్ట్ స్టువర్ట్ సట్‌క్లిఫ్ బొమ్మలు వేసుకుంటానని బ్యాండ్ వదిలేశాడు. బేస్ పట్టుకోవడానికి మిగతా ఎవరికీ ఇష్టం లేదు. బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ బేసిస్ట్ గీజర్ బట్లర్ కూడా ముందు గిటారిస్టే.

ఇంట్లోవాళ్ళకి వాదించి చెప్పొద్దు. రిహార్సల్ రికార్డింగ్‌లో బేస్ తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి వినిపించండి.

డ్రమ్మర్‌గా నా గోడు కూడా వినండి. కొత్త బేసిస్టులందరూ స్వరం ఎక్కడ మొదలెట్టాలా అని చూస్తారు, ఎక్కడ ఆపాలో చూడరు. నేను స్నేర్ (చురుగ్గా మోగే డ్రమ్) కొట్టే క్షణానికి మీ తీగ ఆగిపోతే ఆ దెబ్బ పదునుగా వస్తుంది. మోగుతూనే ఉంటే అంతా కలగాపులగం. నాతో వాయించిన ఒకతనికి వేళ్ళు మహా వేగం, తీగని చేత్తో అదిమి ఆపడం మాత్రం రాదు. చివరికి అతని బదులు నెమ్మదిగా వాయించే అమ్మాయిని తీసుకున్నాం. అందరూ "సౌండ్ సిస్టమ్ మార్చారా?" అని అడిగారు.

మెటల్_మావయ్య
మెటల్ బ్యాండ్ మెటాలికా బేసిస్ట్ క్లిఫ్ బర్టన్ పేరు రాకుండా ఈ చర్చ ఎంత దూరం పోతుందో చూద్దామనుకున్నా, ఓపిక పట్టలేకపోయాను. 1962లో పుట్టాడు. 1975లో అన్న చనిపోయాడు. అన్న కోసమైనా గొప్ప బేసిస్ట్‌ని అవుతానని అనేవాడట, వాళ్ళమ్మ తర్వాత చెప్పారు. ట్రామా అనే బ్యాండ్‌లో అతని సోలో విన్న మెటాలికా వాళ్ళు అది లీడ్ గిటార్ అనుకుని స్టేజీ మీద గిటారిస్ట్ కోసం వెతికారు. మా బ్యాండ్‌లోకి రమ్మంటే "మీరే మా వైపు రండి" అన్నాడు. లాస్ ఏంజెలెస్‌లో ఉన్న బ్యాండ్ మొత్తం శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతానికి మారిపోయింది. బేసిస్ట్ కోసం బ్యాండ్ ఊరు మారడం ఇంకెక్కడైనా విన్నారా?

మెటాలికా పాట "ఫర్ హూమ్ ద బెల్ టోల్స్" మొదట్లో గరగరలాడుతూ వచ్చేది గిటార్ కాదు, డిస్టార్షన్ వేసిన బేస్. మెటాలికాతో అతను చేసినవి 1983, 1984, 1986 ఆల్బమ్‌లు, మూడే. 1986 సెప్టెంబర్ 27 తెల్లవారుజామున స్వీడన్‌లో వాళ్ళ బస్సు బోల్తా పడింది. బర్టన్ అందులోనే పోయాడు, అప్పటికి 24 ఏళ్ళు. రోడ్డు మీద మంచు ఉందని డ్రైవర్ అన్నాడు, బ్యాండ్ గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ అది నమ్మలేదు.

ఊళ్ళు తిరుగుతామంటున్నారు కాబట్టి చెబుతున్నా: షో అయ్యాక నిద్రమొహంతో మీలో ఎవరో ఒకరు రాత్రంతా బండి నడపడం మాత్రం పెట్టుకోకండి.

మిక్సింగ్_గది
మావయ్యా, కథలో రెండో సగం వదిలేశారు. బర్టన్ తర్వాత జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. 1988 ఆల్బమ్‌లో అతని బేస్ వెతుక్కున్నా దొరకదు. అదే బ్యాండ్, అదే వాద్యం. మిక్సింగ్‌లో కూర్చున్నవాళ్ళు తగ్గించేశారు, అంతే. బేస్ వినపడటం చాలాసార్లు బేసిస్ట్ చేతిలో ఉండదు.

కొంత మాత్రం ఉంటుంది. మామూలు ట్యూనింగ్‌లో బేస్ లావు తీగ అంటే 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. దాని పైన పుట్టే హార్మోనిక్స్ (పై స్వరాలు) విని, అడుగు స్వరాన్ని మన బుర్రే పూరించుకుంటుంది. ఇంట్లో ఒంటరిగా వాయిస్తున్నప్పుడు ఆంప్ (శబ్దం పెంచే పెట్టె) మీద బేస్ నాబ్ మొత్తం తిప్పి, మిడ్స్ (మధ్యస్థాయి శబ్దాలు) తగ్గించుకుంటే గది అదిరిపోతుంది. అదే సెట్టింగ్‌తో బ్యాండ్‌లో వాయిస్తే గిటార్ల కింద మీరు మాయం. మిడ్స్ పెంచండి, కాస్త డ్రైవ్ (గరుకుదనం) కలపండి. ఒంటరిగా వింటే వికారంగా ఉంటుంది, పాటలో సరిగ్గా కూర్చుంటుంది. స్టూడియోకి వచ్చేముందు తీగలు మార్చుకోండి, అవి సర్దుకోవడానికి ఒకరోజు వాయించి రండి.

కింది_స్వరం
అమ్మాయిగా నా అనుభవం. సౌండ్ చెక్‌కి వెళ్తే ఇప్పటికీ "మైక్ ఎక్కడ పెట్టమంటారు మేడమ్?" అంటారు, పాడతాననుకుని. భుజాన బేస్ వేలాడుతున్నా సరే! బేసిస్ట్ టాల్ విల్కెన్‌ఫెల్డ్ ఇరవై దాటీ దాటకముందే గిటారిస్ట్ జెఫ్ బెక్ పక్కన నిలబడి సోలో వాయించింది. ఆ వీడియో చూసే నేను ఇందులోకొచ్చాను.

మణికట్టు గురించి ఎవరూ చెప్పలేదేం? మామూలు బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు. కింది ఫ్రెట్లలో (మెడ మీది అడ్డకమ్మీలు) నాలుగు వేళ్ళు చాచి పట్టడానికి నేను పంతం పట్టాను, నొప్పి మోచేతిదాకా పాకింది. 30 అంగుళాల షార్ట్ స్కేల్‌కి మారి, స్ట్రాప్ కొంచెం పైకి లాక్కున్నాక హాయి. మోకాళ్ళ దగ్గర వేలాడదీస్తే ఫోటోకి బాగుంటుంది, మణికట్టు మాత్రం విరిగినట్టు వంగుతుంది.

చెవులు కూడా. 100 డెసిబెల్స్ మోతలో 15 నిమిషాలకే రోజంతటి పరిమితి అయిపోతుంది. బేసిస్ట్ నిలబడేది డ్రమ్మర్ సింబల్స్ (కంచు తాళాలు) పక్కనే. ఇయర్‌ప్లగ్స్ లేకుండా రిహార్సల్‌కి కూడా వెళ్ళొద్దు.

పిలిస్తే_వస్తా
అసలు ప్రశ్న బతుకుదెరువు గురించి కదా. నేను చాలాకాలంగా దీంతోనే బతుకుతున్నా. అయితే "ఒక రాక్ బ్యాండ్‌తో" కాదు. సొంత బ్యాండ్ డబ్బు బండికి, స్టూడియోకి, అందరి వాటాలకి పోతే మిగిలేది ఉత్సాహమే. ఇల్లు నడిపేది వేరేవాళ్ళ రికార్డింగులు, పాఠాలు, ఎవరో జ్వరమొచ్చి పడుకుంటే రేపటి షోకి వాళ్ళ బదులు వెళ్ళడం. ఈ చివరిదానికి గిటారిస్టుల కన్నా మనకే పిలుపులు ఎక్కువ, మంచి బేసిస్టులు తక్కువ కాబట్టి. రాత్రికి రాత్రి పాటలు చెవితో పట్టి, కార్డ్స్ (కలిసి మోగే స్వరాల గుంపులు) ఒక కాగితం మీద రాసుకుని, టైమ్‌కి వెళ్ళగలిగితే చాలు. సోలో ఎవరూ అడగరు.

ఇక ఆల్బమ్. పాటకి రెండు రకాల హక్కులుంటాయి: బాణీ, మాటల మీద ఒకటి, రికార్డింగ్ మీద ఒకటి. బేస్ లైన్ మీరే కట్టినా, దానివల్లే పాట నిలబడినా, బ్యాండ్ ఒప్పుకుని రాస్తే తప్ప పాట కట్టినవాళ్ళలో మీ పేరు దానంతటదే చేరదు. ఒక బ్యాండ్‌కి నేను కట్టిన లైన్‌తోనే పాట మొదలవుతుంది, జనం దాన్నే కూనిరాగం తీస్తారు. నాకు అందింది ఆ రోజు కూలి. రాక్ బ్యాండ్ క్వీన్ వాళ్ళంతటివాళ్ళే ఎవరి పాట ఎవరిదని కొట్లాడుకుని, 1989 ఆల్బమ్ నుంచి అన్ని పాటలకీ నలుగురి తరఫునా బ్యాండ్ పేరే వేశారు. ఎవరికి ఎంత శాతమో రికార్డింగ్‌కి ముందే కాగితం మీద పెట్టి అందరూ సంతకాలు చేయండి. పాట హిట్ అయ్యాక ఈ మాట ఎత్తితే దురాశ అంటారు.

డ్రమ్స్_వెనకాల
క్వీన్ మాట వచ్చింది కాబట్టి: వాళ్ళ బేసిస్ట్ జాన్ డీకన్ 19 ఏళ్ళకి అందులో చేరాడు, ఎలక్ట్రానిక్స్ డిగ్రీ మాత్రం వదల్లేదు. చెత్తలో దొరికిన సర్క్యూట్ బోర్డుతో అతను చేసిన చిన్న ఆంప్‌ని క్వీన్ గిటారిస్ట్ బ్రయాన్ మే రికార్డింగుల్లో వాడాడు. క్వీన్ పాట "అనదర్ వన్ బైట్స్ ద డస్ట్" డీకన్ రాసిందే. చదువు ఎలాగూ చివరికొచ్చింది, పూర్తి చేసేయండి.

నాలుగు_తీగలు
అందరికీ థాంక్స్. బేస్ తీసేసిన రికార్డింగ్ ఇంట్లో వినిపించాను. నాన్న విని "ఇదేంటి, డొల్లగా ఉంది?" అన్నారు. అమ్మకి తేడా తెలియలేదు. చదువు అవ్వనిచ్చి, తర్వాతే షోలు అన్నాను, మావాళ్ళు సరేనన్నారు. వాటాల మాట కూడా ఎత్తాను. గిటారిస్టులిద్దరూ ఒప్పుకున్నారు. పాడేవాడు మాత్రం "ఆలోచించి చెప్తా" అన్నాడు.

పిలిస్తే_వస్తా
అతని ఆలోచన తెమిలాకే స్టూడియో బుక్ చేయండి.