ఎంబాసింగ్ పొడి అక్షరాల చుట్టూ అంటుకుంటోంది, ఏం చేయాలి?

చేతితో చేసే గ్రీటింగ్ కార్డుల మీద ఈ మధ్యే హీట్ ఎంబాసింగ్ మొదలుపెట్టాను. రబ్బరు స్టాంపుతో సిరా అద్ది, తడి ఆరకముందే పొడి చల్లి, మిగిలినది దులిపేసి హీట్ గన్‌తో వేడి చేస్తున్నాను. గరుకు పొడి ఒక్కసారిగా కరిగి, నిగనిగలాడుతూ అక్షరంగా పైకి తేలే ఆ క్షణం నాకెంతో ఇష్టం. అందుకే దీన్ని వదలబుద్ధి కావడం లేదు.

నల్ల కార్డు మీద బంగారు పొడి వాడితేనే చిక్కు. అక్షరాల చుట్టూ, ముఖ్యంగా నా వేళ్లు తగిలిన చోట, సన్నని రేణువులు అంటుకుని వేడికి అక్కడే గట్టిపడుతున్నాయి. తర్వాత గోటితో గీకితే కాగితం పైపొర లేచి వస్తోంది. ముందుగా టాల్కం పౌడరు పలచగా అద్ది చూశాను. రేణువులు తగ్గాయి కానీ నలుపు మీద తెల్లటి మసక మిగిలింది. దాన్ని ఎంబాసింగ్ చెడకుండా తుడిచేదెలా? వేడి చేయకముందే రేణువులను మెత్తని కుంచెతో తీసేయవచ్చా, లేక అక్షరం అంచులు చెదురుతాయా?

ఇంకొకటి. నేను వాడేది త్వరగా ఆరిపోయే డై సిరా. సన్నని గీతలు మధ్యలో తెగిపోతున్నాయి. నెమ్మదిగా ఆరే పిగ్మెంట్ సిరాకు మారితే సరిపోతుందా? కార్డు వంకర పోకుండా వెనకవైపు నుంచి వేడి చేసేవారు ఎవరైనా ఉంటే, గన్ ఎంత దూరంలో పట్టుకుంటారో కూడా దయచేసి చెప్పండి. అక్క పెళ్లిరోజు కార్డు సగంలో ఆగిపోయింది.